సీఐడీ చూస్తూ మావాడు పాస్టర్ అవుతానన్నాడు

ఇవాళ కెమెరా వెనక ఎవరూ లేరు, నేనొక్కణ్ణే. లైటింగ్ కూడా అంతంతమాత్రమే. ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్ చేసింది కాదు. పోయిన ఆదివారం ఒక ఫోన్ వచ్చింది, దాని గురించి మాట్లాడదామని కూర్చున్నాను.

ఫోన్ చేసింది మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మగారు. వాడూ నేనూ బీటెక్ నాలుగేళ్ళు ఒకే బెంచి, తర్వాత హైదరాబాద్‌లో ఒకే రూము. నేను జాబ్ మానేసి ఇలా మీ ముందుకొచ్చాను, వాడు ఇంకా కోడింగ్‌లోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి 'మావాడు' అనే అంటాను. వాళ్ళది మెదక్ వైపు. ఆంటీ ఒకటే మాట: "బిడ్డా, వీడు నౌకరి ఇడిచిపెట్టి పాస్టర్ అయితడంట. నువ్వన్న జెర చెప్పు, నీ మాట ఇంటడు."

నాకు నవ్వొచ్చింది. జాబ్ మానేసినవాణ్ణి పట్టుకుని జాబ్ మానొద్దని చెప్పమంటోంది! పైగా ఆంటీ ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. పాస్టర్లు ఉండాలి, కానీ మనింట్లోంచి కాకుండా పక్కింట్లోంచి అయితే బాగుంటుంది. మనందరి లెక్కా ఇంతే కదా!

సరే, సాయంత్రం వాడి రూముకి వెళ్ళాను. వాడేమో ల్యాప్‌టాప్‌లో సీఐడీ పెట్టుకుని మ్యాగీ తింటున్నాడు. కాలేజీ రోజుల నుంచీ మాకిదే అలవాటు. 1998లో సోనీలో మొదలైన షో అది. 2018 దాకా ఆగకుండా నడిచి, మళ్ళీ 2024 డిసెంబర్లో వచ్చింది. పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు! కానీ నిజం చెప్పండి, ఉన్నది ఒకటే ఎపిసోడ్ కదా? శవం దొరుకుతుంది. ఏసీపీ ప్రద్యుమన్ గాల్లో చెయ్యి తిప్పుతాడు. డాక్టర్ సాలుంఖే ఏదో రంగునీళ్ళు కలిపి ఐదు నిమిషాల్లో రిపోర్ట్ ఇచ్చేస్తాడు. దయా తలుపు పగలగొడతాడు. మొదట్నుంచీ మంచిగా నవ్వుతూ కనిపించినవాడే హంతకుడు. చెంప మీద ఒకటి పడుతుంది, అంతా ఒప్పేసుకుంటాడు. మా భాషలో చెప్పాలంటే అదొక ఫంక్షన్: శవం ఇన్‌పుట్, హంతకుడు అవుట్‌పుట్.

ఊరికే వెక్కిరించట్లేదు. 2004లో ఇదే టీమ్ ఒక్క కట్ కూడా లేకుండా 111 నిమిషాల ఎపిసోడ్ తీసి రికార్డు కొట్టింది. పనితనం ఉంది, కానీ ఫార్ములా మారదు. అమెరికాలో 1990లో మొదలైన 'లా అండ్ ఆర్డర్' కూడా అంతే. మొదటి సగం పోలీసులు పట్టుకుంటారు, రెండో సగం లాయర్లు కోర్టులో వాదిస్తారు. మనకి అలా లెక్క తేలిపోవడం కావాలి. రోజంతా ఏదీ తేలని జీవితం గడిపొచ్చి, రాత్రి ఒక్క కేసైనా తేలితే హాయిగా నిద్రపడుతుంది.

నేను మొదలుపెట్టాను. "ఏరా మామా, పాస్టర్ అవుతావంట? ఈఎంఐ ఎవరు కడతారు?" వాడు స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఇప్పుడు చచ్చిపోయినోడి అమ్మ ఎక్కడికి పోయిందిరా?" అన్నాడు.

"ఏ అమ్మ?"

"ఇందాక శవం మీద పడి ఏడ్చింది కదా. రెండు నిమిషాలు చూపించారు, ఆమె మీద కూడా డౌట్ పడ్డారు. తర్వాత మళ్ళీ కనపడలేదు. హంతకుడు దొరికాడు, ఎపిసోడ్ అయిపోయింది. ఆమె ఇంటికెళ్ళి ఏం చేస్తుంది? నాకు ఆ ఇంటికి వెళ్ళే పని కావాలి."

నాకు మాట రాలేదు. ఎందుకో చెప్తాను. పోయినేడాది మా బాబాయి రోడ్డు యాక్సిడెంట్‌లో పోయారు. పోలీసులు వచ్చారు, పంచనామా రాశారు, పోస్టుమార్టంకి పంపారు. వాళ్ళ పని వాళ్ళు సరిగ్గానే చేశారు. కానీ మార్చురీ బయట రాత్రంతా ఎదురుచూడటం ఏ సీరియల్లోనూ ఉండదు. నేను ఫోన్లు మాట్లాడుతూ, సంతకాలు పెడుతూ తిరుగుతున్నాను. మావాడు మా పిన్ని పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు, మాది వేరే మతమని వాడికి తెలుసు. నీళ్ళ బాటిల్ పట్టుకుని తెల్లారేదాకా అలానే ఉన్నాడు. పదకొండో రోజు అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు, వీడు మాత్రం నెల తర్వాత కూడా పిన్నికి ఫోన్ చేశాడు. ఈ సంగతి నాకు పిన్ని చెప్తేనే తెలిసింది.

అయినా ఆంటీకి మాటిచ్చాను కదా, ఇంకో రాయి వేశాను. "మైక్ పట్టుకుని అరవడానికి ఉద్యోగం మానాలా?" అన్నాను. అప్పుడు తెలిసింది నాకేమీ తెలియదని. సొంతంగా పెట్టుకున్న చర్చిల్లో ఎవరి పద్ధతి వాళ్ళది. కానీ మావాడు వెళ్ళేది సీఎస్ఐ, అంటే 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. అక్కడ ముందు సొంత చర్చి సిఫారసు చెయ్యాలి, తర్వాత డయాసిస్ వాళ్ళ ఇంటర్వ్యూ, ఆ తర్వాత థియాలజీ కాలేజీలో బీడీ డిగ్రీ. బీటెక్ లాగే నాలుగేళ్ళు! గ్రీకు, హీబ్రూ లాంటి పాత భాషలు, చరిత్ర, కౌన్సెలింగ్ అన్నీ చదవాలి. డిగ్రీ ఇచ్చేది సేరంపూర్ సెనేట్. సేరంపూర్ కాలేజీ 1818లో పెట్టింది, అంటే మన సిలబస్‌ల కంటే చాలా సీనియర్. చదువయ్యాక కూడా ముందు డీకన్, తర్వాతే ప్రెస్బిటర్. ఆపైన బిషప్ ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి సామాను సర్దుకోవాలి. ఆడవాళ్ళు కూడా అవ్వచ్చు. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ అయ్యారు.

"మరి నీకు పోలీసు సీరియళ్ళ పిచ్చేంట్రా?" అంటే, ఇంగ్లండ్‌లో ఈ రెండూ కలిపేశారని చెప్పాడు. 'గ్రాంట్‌చెస్టర్' అని 2014లో మొదలైన సీరియల్, అందులో చర్చి వికార్, పోలీస్ ఇన్‌స్పెక్టర్ కలిసి కేసులు తేలుస్తారు. అంతకుముందే 1911లో చెస్టర్‌టన్ 'ఫాదర్ బ్రౌన్' కథల మొదటి పుస్తకం వచ్చింది. జనం తమ తప్పులన్నీ వచ్చి చెప్పుకుంటారు కాబట్టి, మనిషి ఎంతకి తెగిస్తాడో ఆ ఫాదర్‌కి ముందే తెలుసు. "కానీ నాకు హంతకుణ్ణి పట్టుకోవాలని లేదురా. జైల్లో వాడి దగ్గరికి ఎవరు వెళ్తారు? అది కూడా ఈ పనిలోదే" అన్నాడు.

నాకు భయం లేదని కాదు. వాడికి చెల్లి పెళ్ళి ఉంది, అప్పుంది. రేపు వాడు చూసే కష్టాలు నలభై నిమిషాల్లో తేలవు, కొన్ని ఎప్పటికీ తేలవు. ఆ మాటే అడిగాను. ఏడాది ఆగి అప్పు తీర్చి వెళ్తానన్నాడు. నాకు దక్కిన గెలుపు అంతే.

రాత్రి ఆంటీకి ఫోన్ చేశాను. "వాణ్ణి ఆపలేను ఆంటీ. ఆ రోజు మా పిన్ని పక్కన కూర్చున్నది వాడే" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆడ హాస్టల్ల తిండి మంచిగుంటదా బిడ్డా?" అని అడిగింది.

ఉంటుందో లేదో, ఏడాది తర్వాత నేనే వెళ్ళి తిని చెప్తాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలా దారి మార్చుకుంటానంటే మీరేమన్నారో నాకు చెప్పండి. ఉంటాను మరి, బై.