ఖాట్మండులో తొలిరాత్రి

2015 ఏప్రిల్ 25న నేపాలును కుదిపిన భూకంపములో దాదాపు 9,000 మంది మరణించినారు. వారము తిరుగక ముందే సేవాదళముతో మేము ఖాట్మండు చేరినాము. విమానాశ్రయమున ఉన్నది ఒకటే రన్‌వే. దిగుటకు తావులేక మా విమానము చాలసేపు ఆకాశముననే తిరిగినది.

మూటలు విప్పిన తరువాత సిగ్గుపడినాము. సగము పాతబట్టలే! అక్కడివారికి కావలసినవి టార్పాలిన్లు. వచ్చుటకు ముందు ఎవరినైనను అడిగితిమా?

1934లో ఒకమారు కూలి, మరల లేచిన ధరహరా గోపురము మొదలంట విరిగియున్నది. సమీపమున తుండిఖేల్ మైదానములో, ఇండ్లు నిలిచినవారును లోపల పరుండ వెరచి గుడారములలోనే ఉన్నారు. ఒక ముసలమ్మ మాకే టీ గ్లాసు అందించి, వచ్చీరాని హిందీలో “భోజనమైనదా, నాయనా?” అని అడిగినది. అంతలో నేల మరల కంపించినది. టీ ఒలికినది. ఆమె కదలలేదు, గ్లాసు తీసికొని మరల నింపినది.