లెక్క నుంచి మాటకు: ‘టెల్’ కథ

ఇంగ్లీషులో ‘టెల్’ అంటే చెప్పడం. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో దీని రూపం ‘టెల్లన్’. లెక్కపెట్టడం, వివరించడం రెండూ దాని అర్థాలే. జరిగినదాన్ని ఒక్కొక్కటిగా ఎంచి వినిపించడమే కథనం కదా! కథ అనే అర్థమున్న ‘టేల్’ కూడా ఈ కుదురుదే. జర్మన్‌లో సంఖ్యను ‘త్సాల్’ అంటారు, కథ చెప్పడాన్ని ‘ఎర్‌త్సేలెన్’ అంటారు. రెండూ దీని దాయాదులే.

పాత అర్థం ఇంగ్లీషులో ఇంకా చెరిగిపోలేదు. లెక్కలేనంత సంపద ‘అన్‌టోల్డ్ వెల్త్’. బ్రిటన్ కామన్స్ సభలో ఓటింగ్‌కు సభ్యులు రెండు లాబీల గుండా నడుస్తారు. తలుపు దగ్గర నిలబడి వాళ్లను లెక్కించేవారు ‘టెల్లర్లు’. బ్యాంకు కౌంటరులో నోట్లు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగి కూడా టెల్లరే. ఏటీఎం పేరులోని నడిమి అక్షరం ఆ టెల్లర్‌దే.