మోహిని నుంచి సీత దాకా: అంజలీదేవి తొలి రోజులు



అంజలీదేవి అనగానే మనలో చాలామందికి సీతమ్మవారే కళ్లముందు మెదులుతుంది. 1963లో వచ్చిన 'లవకుశ' ప్రభావం అటువంటిది. ఆ సినిమా తర్వాత ఆమె ఏ ఊరు వెళ్లినా జనం సీతమ్మగానే భావించి చేతులు జోడించేవారు. అయితే ఇవాళ మనం చెప్పుకోబోయేది ఆ సీత గురించి కాదు. అంతకు పదహారేళ్ల ముందు తెర మీద మెరిసిన ఒక మోహిని గురించి.

ఆమె పుట్టింది పెద్దాపురంలో, 1920ల చివర. మన యానానికి అదేమంత దూరం? కాకినాడ వెళ్లి, అక్కడి నుంచి ఇంకో బస్సెక్కితే చాలు. ఆ రోజుల్లో ఇక్కడ ఫ్రెంచివారి జెండా ఎగిరేది, అక్కడ ఇంగ్లీషువారిది. జెండాలు వేరైనా నాటకాల మోజు మాత్రం రెండు చోట్లా తెలుగుదే.

కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సమాజం ఉండేది. ఎస్.వి.రంగారావు గారు వేషాలు కట్టింది కూడా అక్కడే. అంజలికి అడుగులు నేర్పిన బడి అదేననుకోవచ్చు. రంగస్థలం మీద ఆడవేషం మగవారే కట్టడం అప్పటికింకా మామూలు. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి మురిసిపోయిన కాలం అది. ఆడపిల్ల స్వయంగా ముఖానికి రంగు వేసుకుంటే చూసేవారు చూసేవారే, అనేవారు అనేవారే. అటువంటి రోజుల్లో ఆ అమ్మాయి స్టేజీ ఎక్కింది. అదే సమాజంలో పాటలు కట్టి, నాటకాలు నడిపిన పి.ఆదినారాయణరావు గారు 1940లో ఆమెను పెళ్లాడారు. పెళ్లయ్యాక ఆట మానిపించే భర్తలే ఎక్కువైన ఆ కాలంలో, ఆయన ఆమె ఆటకు బాణీలు కట్టారు. తర్వాత వారిద్దరూ కలిసి అంజలీ పిక్చర్స్ పెట్టి 'పరదేశి', 'సువర్ణసుందరి' వంటి చిత్రాలు తీశారు గాని, అది తర్వాతి కథ.

సినిమాల్లో తొలి మెట్టు 1936 నాటి 'రాజా హరిశ్చంద్ర'లో లోహితాస్యుడు. చిన్నపిల్లకు మగపిల్లవాడి వేషం! పెద్దయ్యాక ఎల్.వి.ప్రసాద్ గారు 'కష్టజీవి'లో కథానాయికగా తీసుకున్నారు. మూడు రీళ్లు తీశాక ఆ చిత్రం ఆగిపోయింది. కథానాయికగా తొలి అవకాశం అలా చేజారితే ఎవరికైనా గుండె జారుతుంది.

ఆ తర్వాత సి.పుల్లయ్య గారు ఆమెను 'గొల్లభామ'కు ఎంచుకున్నారు. అది 1947. కథానాయిక కృష్ణవేణి గారు, నాయకుడు రఘురామయ్య గారు. అంజలికి దక్కింది మోహిని పాత్ర. అంజలీదేవి అన్న పేరు కూడా పుల్లయ్య గారు పెట్టినదే. సినిమా విడుదలయ్యాక జనం నోట నానింది ఆ మోహిని.

పేరొచ్చింది సరే, చిక్కూ వచ్చింది. ఒకసారి వయ్యారి వేషం బాగా కుదిరితే నిర్మాతలు మళ్లీ మళ్లీ అదే ఇస్తారు. 1949లో 'కీలుగుర్రం'లో ఆమె చేసింది రాజును వలలో వేసుకున్న రాక్షసి పాత్ర. ఇంకొకరైతే అక్కడే ఆగిపోయేవారేమో. మరుసటి ఏడాదే 'పల్లెటూరి పిల్ల'లో రామారావు, నాగేశ్వరరావు గార్ల సరసన కథానాయిక అయ్యారు. ఈలోపు తమిళంలోనూ అడుగుపెట్టి, 1948లో 'ఆదిత్తన్ కనవు'లో నటించారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, పని కోసం ఇంకో భాషవారి మధ్య నెగ్గుకురావడం ఎలా ఉంటుందో, ఆఫీసు పని పడి పుదుచ్చేరి దాకా వెళ్లొచ్చే యానాం వారికి నేను వేరే చెప్పనక్కర్లేదు.

'లవకుశ'లో సీత పెద్దగా కదలదు. నిలబడుతుంది, చూస్తుంది, కన్నీరు దిగమింగుతుంది. ఆ నిలుపు ఆమెకు నాట్యం నుంచే వచ్చిందని నా నమ్మకం. చెయ్యీ కాలూ ఎప్పుడు కదపాలో తెలిసినవారికే ఎప్పుడు ఆపాలో కూడా తెలుస్తుంది. కొందరు ఆ మోహినినీ రాక్షసినీ ఏదో పొట్టకోసం వేసిన వేషాలన్నట్టు పక్కన పెట్టేస్తారు. అది నాకు సమ్మతం కాదు.

ఇంకొక్క సంగతి. మోహినిని చేసిన పుల్లయ్య గారే ఆమెను సీతగానూ చూపించారు. 1934లో ఒకసారి 'లవకుశ' తీసి, అందులో శ్రీరంజని గారిని సీతను చేసిన దర్శకుడు ఆయన. రెండోసారి రంగుల్లో మొదలుపెడితే, ఆయన ఆరోగ్యం దెబ్బతినడంతో కుమారుడు సి.ఎస్.రావు గారు పూర్తి చేశారు. అంజలీదేవి 2014 జనవరిలో చెన్నైలో కన్నుమూశారు. ఈసారి టీవీలో 'కీలుగుర్రం' వేస్తే ఆ రాక్షసి కళ్లను కాస్త నిదానంగా చూడండి.

సెలవు.