రెండు భాషల బడి - పసిబిడ్డ చదువు



బిడ్డకు అయిదేండ్లు నిండగనే ప్రతి యింటను ఒక విచారము బయలుదేరును. ఇంగ్లీషు రానిదే ఉద్యోగము దొరకదని తండ్రి భయము. తెలుగు రాకున్న మనుమడు ఇంటివారికే పరాయివాడగునని తాత దిగులు. ఈ రెండును నిరాధారములు కావు. కనుకనే, రెండు భాషలను నేర్పు బడిలో చేర్పింతుమా యని తల్లిదండ్రులు ఆలోచింతురు. ఆ వెంటనే, బిడ్డ రెంటికి చెడ్డ రేవడి యగునేమో యని జంకుదురు.

ఇందుకు ఒక దృష్టాంతము కలదు. 1959లో క్యూబాలో విప్లవము జరిగిన పిమ్మట వేలాది కుటుంబములు అమెరికాలోని మయామీ నగరమునకు వలసవచ్చినవి. ఆ బిడ్డల యింటిభాష స్పానిష్, బడిభాష ఇంగ్లీషు. 1963లో అచ్చటి కోరల్ వే ప్రాథమిక పాఠశాలలో ఉభయ భాషల పిల్లలను ఒకేచోట చేర్చి, దినములో కొంతభాగము సొంతభాషలోను, కొంతభాగము రెండవభాషలోను బోధింపసాగిరి. వలసవచ్చిన బిడ్డ ఇంగ్లీషు నేర్చినట్లే, ఇంగ్లీషు బిడ్డయు స్పానిష్ నేర్చెను. అందుచేత ఏ బిడ్డయు తన తల్లిభాషకు సిగ్గుపడవలసిన పని లేకపోయెను.

ఇందలి మర్మము సులభము. తెలుగులో కూడిక తెలిసిన బిడ్డ ఇంగ్లీషులో దానిని మరల మొదటినుండి నేర్వనక్కరలేదు. పేరు నేర్చిన చాలును. తెలియని భాషలోనే మొదలుపెట్టినచో భాషయు, లెక్కయు రెండును బరువగును. రెండు భాషల మాటలు కలిపి పలుకుట పసివారికి సహజము. అది దోషము కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధింపవలెనని చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి, తెలంగాణలో 2022-23 నుండి, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగ పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఇది మేలే. కాని రెండు భాషల పుస్తకమున్నంత మాత్రమున అది రెండు భాషల బడి కాదు. గురువు ఒక పుటనే చదివి రెండవదానిని విడిచినచో ఫలమేమి?

కావున చేర్పించుటకు ముందు తల్లిదండ్రులు మూడు సంగతులు విచారింపవలెను. ఒక్కొక్క భాషకు దినమున ఎంతకాలము కేటాయింతురు? ఆ భాష చక్కగ వచ్చిన ఉపాధ్యాయులున్నారా? ఈ యేర్పాటు ఎన్నవ తరగతి వరకు సాగును? ఆటపాటల భాష రెండేండ్లలో పట్టుబడవచ్చును; పాఠముల భాష స్థిరపడుటకు అయిదారేండ్లు పట్టును. నడుమ తొందరపడి బడి మార్చుట నాటిన మొక్కను పెరికి వేరు చూచుట వంటిది.

ఇంగ్లీషు రాని తల్లి తనవలన ఏమగునని కుందనక్కరలేదు. ఆమె రాత్రివేళ చెప్పు తెలుగు కథయే బిడ్డ చదువుకు పునాది. ఆ కథలు తరుగనీయకుండుటకే ఊరిలో గ్రంథాలయము వెలసినది. బిడ్డ చేయి పట్టుకొని ఇచ్చటికి తీసికొనివచ్చిన ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు సగము బడిని తామే నడపినవారగుదురు.