పైపు చప్పుడు చెప్పే సంగతులు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



కుక్కరు కూతలు లెక్కపెట్టి పప్పు ఉడికిందని చెప్పగల మనం, గోడలో పైపు చప్పుడు చేస్తే మాత్రం "ఇల్లు పాతదైంది" అని ఊరుకుంటాం. పైపు ఊరికే అరవదు. ఎప్పుడు అరుస్తున్నదో కనిపెడితే సగం రోగం తెలిసినట్టే. 2016లో మొదలైన మిషన్ భగీరథతో మన నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లోనూ నల్లాలు వచ్చాయి కనుక ఇది అందరికీ పనికొచ్చే సంగతే.

మొదటిది, నల్లా బందు చేయగానే గోడలో "ధన్" మనడం. పరుగెత్తే నీళ్ళను ఒక్కసారిగా ఆపితే ఆ వేగమంతా పైపు మీద దెబ్బగా పడుతుంది. రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ 1897-98లో మాస్కో నగరపు నీటి గొట్టాల మీద పరీక్షలు చేసి దీని లెక్క తేల్చాడు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్ళను ఇనుప పైపులో హఠాత్తుగా ఆపితే చదరపు సెంటీమీటరు మీద 10 కిలోలకు పైగా ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చేది ఒక్క కిలోయే! రోజూ ఈ దెబ్బలు తింటే అతుకులు వదులుకావా? చెరువు తూము దించినట్టు నల్లాను మెల్లగా తిప్పండి. పైపు ఊగుతుంటే గోడకు క్లాంపులు వేయించండి.

రెండవది, నల్లా సగం తిప్పితే "గుర్" మని మోగడం. లోపలి వాషరు అరిగిందో, వదులైందో అయి ఉంటుంది. ముందు ఆ నల్లాకు నీళ్ళొచ్చే వాల్వు మూసి, వాషరు మార్పిస్తే సరి.

మూడవది గుడగుడ. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు పైపులో గాలి చేరుతుంది. భయం లేదు. నల్లాలన్నీ కొంచెం కొంచెం తిప్పి, ధార నిలకడగా వచ్చేదాకా ఉంచండి.

చివరిది అన్నిటికన్నా సన్నని చప్పుడు, అన్నిటికన్నా ప్రమాదం. అన్నీ బందు చేసినా రాత్రివేళ గోడలో "సుయ్" మంటుంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టే. పడుకోబోయే ముందు ట్యాంకులోకి నీళ్ళు రాకుండా ఆపి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున మట్టం దిగితే, ముందు బాత్‌రూములోని ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేయండి. ఫ్లష్ చేయకుండానే కింద నీలం కనబడితే దొంగ అక్కడే ఉన్నాడు. లేకుంటే గోడలోనో, నేలలోనో చూడాలి. తడిసిన గోడలో కరెంటు తీగ ఉంటే ప్రాణానికే ముప్పు. ఆ గోడ మీది స్విచ్చులు ముట్టకండి, పిల్లలను దగ్గరికి పోనీయకండి, వెంటనే మేస్త్రీని, కరెంటు పనివాణ్ణి పిలిపించండి.

వాళ్ళు వచ్చాక "పైపు పాడైంది" అని ఊరుకోకండి. చప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా వస్తున్నదో చెప్పండి. నాలుగు చోట్ల పగలగొట్టాల్సిన గోడ ఒక్కచోట పగిలితే చాలు. ఆ ఖర్చు మిగిలేది మనకే కదా!