మోకాలి నొప్పి: చికిత్స, వ్యయం



మోకాలి కీలు అరిగినంత మాత్రాన శస్త్రచికిత్స తక్షణావసరం కాదు. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గింపు తొలి చికిత్సలు. శరీరం ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తుంటి పక్కనుండే స్నాయుబంధనాల నొప్పికీ క్రమబద్ధమైన వ్యాయామమే ప్రధానం.

రోజుకూలీ కుటుంబానికి ఆస్పత్రి బిల్లుకంటే ముందే, పోయిన పనిదినాలు భారమవుతాయి. కనుక నొప్పి ఆరంభంలోనే వైద్యుణ్ణి సంప్రదించడం పొదుపు.

కీలు మార్పిడి అనివార్యమైతే ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆ పరిమితి కీలుకు మాత్రమే. వైద్యుల రుసుము, గది అద్దె, ఫిజియోథెరపీ ఖర్చులు వేరు. అందుచేత అప్పుకు పూనుకొనక ముందే పద్దులవారీ అంచనాను వ్రాతపూర్వకంగా కోరవలెను.