మెడ డిస్కు ఆపరేషన్ తరువాత
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



మెడ డిస్కు ఆపరేషన్ అయిన ఇంట్లో సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కదలనివ్వకుండా మంచానికే పరిమితం చేయడం ఒకటి. నొప్పి తగ్గింది కదా అని పదో రోజునే నీళ్ళ బకెట్ ఎత్తడం రెండోది.

ఈ ఆపరేషన్ ఎక్కువగా గొంతు ముందువైపు నుంచి చేస్తారు. నరాన్ని నొక్కుతున్న డిస్కును తీసి, ఆ చోట ఎముక ముక్కనో, కేజ్‌నో అమరుస్తారు. పై ఎముక, కింది ఎముక అతుక్కోవడానికి 3 నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. పైన గాయం మానినా లోపల పని సాగుతూనే ఉంటుంది.

మొదటి రోజుల్లో మింగడం కష్టంగా ఉండడం, గొంతు బొంగురుపోవడం మామూలే. జావ, ఇడ్లీ, మెత్తని పెరుగన్నం కొద్దికొద్దిగా తినాలి. నడక అన్నిటికన్నా మంచి వ్యాయామం. డాక్టరు లేవమన్న రోజు నుంచే ఇంట్లో నాలుగడుగులు వేస్తూ, రోజూ కొంచెం పెంచుకోవాలి. లేచేటప్పుడు మెడ ఒక్కటే ఎత్తకుండా, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు తిరిగి, చేతి ఊతతో లేవాలి. కాలర్ అందరికీ అవసరం ఉండదు. డాక్టరు చెప్పినన్నాళ్ళే వాడాలి. మెడ వ్యాయామాలు కూడా వారు చెప్పిన తరువాతే. బరువులు, స్కూటరు కొన్నాళ్ళు వద్దు. మంగలి చేత మెడ విరిపించుకునే అలవాటుంటే శాశ్వతంగా మానండి. బీడీ, సిగరెట్టు ఎముక అతకనివ్వవు. షుగరును అదుపులో ఉంచుకోవాలి. నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడవద్దు.

చేయి లాగే నొప్పి సాధారణంగా ముందు తగ్గుతుంది. తిమ్మిరి, బలహీనత తగ్గడానికి నెలలు పడుతుంది. వెన్నుపాము నలిగినవారికి పోయిన పట్టు పూర్తిగా రాకపోవచ్చు. వారికి జబ్బు ముదరకుండా ఆపడమే ఆపరేషన్ ముఖ్యోద్దేశం. అయినా చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం వారి చేతనే చేయించండి. ఆలస్యమైనా అదే వారికి వైద్యం.

ఊపిరాడకపోవడం, మెడ వాపు, జ్వరం, గాయం నుంచి చీము, కాళ్ళూ చేతుల్లో కొత్తగా బలహీనత, మలమూత్రాలపై అదుపు తప్పడం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంటివారికి ఒక్క మనవి. రోగికి అన్నీ మీరే చేసిపెట్టకండి, పక్కన తోడుగా నడవండి.